మందు ముందా, ఆధారం ముందా? తోటలో బొరియలకూ ఒంటిమీద కనబడని పురుగులకూ ఏది మేలు

రాత్రికి రాత్రి లాన్ మీద మట్టి కుప్పలు లేస్తాయి. చేసింది ఎవరో కనబడదు. ఇంకో ఇంట్లో ఒకరికి ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టు, పొడుస్తున్నట్టు ఉంటుంది. దుప్పట్లు దులిపినా, పరుపు తిరగేసినా ఏమీ దొరకదు. ఈ రెండు ఇళ్ళవాళ్ళూ మొదట చేసే పని మాత్రం ఒకటే: మందు కొనుక్కు రావడం.

ఏ జీవో తేలకుండా మందు కొట్టడం మేలా, పట్టి చూశాక కదలడం మేలా? నా మొగ్గు రెండోదాని వైపే. అయితే ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని చివర్లో చెబుతాను.

ముందు బొరియల సంగతి

నేలలో కన్నం కనబడగానే మన నోటికొచ్చే పేరు ఎలుక. కానీ తవ్వినవాడి సంతకం కుప్ప ఆకారంలోనే ఉంటుంది.

యూరప్, ఉత్తర అమెరికా, ఆసియాలో కొన్ని ప్రాంతాల్లో లాన్‌కి పేరుమోసిన శత్రువు మోల్ అనే, నేల కిందే బతికే చిన్న జంతువు. దాని కుప్ప చిన్న అగ్నిపర్వతంలా గుండ్రంగా లేస్తుంది, పైన కన్నం కనబడదు. కుప్పకీ కుప్పకీ మధ్య నేల పొడవుగా ఉబ్బి ఉంటుంది, కాలు వేస్తే మెత్తగా దిగుతుంది. గోఫర్ అనే నేల తవ్వే ఎలుకజాతి జీవి ఉత్తర, మధ్య అమెరికాల్లో తప్ప ఉండదు. దాని కుప్ప విసనకర్రలా ఒక పక్కకే పరుచుకుంటుంది, ఆ పక్కన మట్టితో బిగించిన మూత కనబడుతుంది. వోల్ అనే పొట్టి తోక ఎలుకజాతి జీవి కుప్పలు పెట్టదు. రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల కన్నాలు తెరిచే ఉంటాయి, వాటి మధ్య గడ్డిలో నడిచి నడిచి పడిన సన్నటి బాటలు ఉంటాయి. ఇళ్ళ దగ్గర తిరిగే గోధుమరంగు ఎలుక కన్నం ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, అంచులు రాకపోకలతో నున్నబడి ఉంటాయి, ఎక్కువగా గోడ వారనే. పందికొక్కు అయితే తవ్విన మట్టిని కన్నం ముందే గుట్టగా పోస్తుంది, లోపల గింజలు దాచుకుంటుంది.

ఇదంతా ఎందుకంటే, మోల్ వేర్లు తినదు. దాని తిండి వానపాములు, మట్టిలోని పురుగులు. పూలమొక్కల దుంపలు కొరికి ఉంటే ఆ నేరం దాని మీద పడుతుంది, కానీ తరచుగా అసలు దొంగ మోల్ తవ్విన సొరంగంలో దూరిన వోల్. చీమలు పెట్టిన పుట్టలో పాము చేరిందని మనవాళ్ళు అననే అంటారు. ఇక్కడ పుట్ట పెట్టినదానికి శిక్ష పడుతుంది, దూరినది హాయిగా ఉంటుంది. గింజలతో చేసిన ఎలుకల ఎరను మోల్ సొరంగంలో పెట్టేవాళ్ళకూ ఇదే గతి. వానపాము తినే జీవి ఆ గింజను ముట్టదు.

లెక్కలోనూ మోసపోతాం. మోల్ జత కట్టే రోజుల్లో తప్ప ఒంటరిగానే బతుకుతుంది, ఒక్కటే గంటకు నాలుగైదు మీటర్ల సొరంగం తవ్వగలదు. ఇరవై కుప్పలు లేచాయంటే ఇరవై జంతువులు దిగాయని కాదు. లాన్ మొత్తానికీ ఒక్కటే ఉండొచ్చు.

చిన్న కన్నాల దగ్గర పొరపాటు ఇంకా ఎక్కువ. పెన్సిల్ లావు కన్నం, చుట్టూ పొడి మట్టి చిన్న గోపురంలా ఉందా? అది నేలలో గూడు పెట్టుకునే ఒంటరి తేనెటీగది కావొచ్చు. తేనెటీగ జాతుల్లో సుమారు 70 శాతం నేలలోనే గూడు కడతాయి. అవి తుట్టె కాపలా కాయవు కాబట్టి మీదపడి కుట్టడం అరుదు, కొన్ని వారాల్లో పని ముగించుకుని కనబడకుండా పోతాయి. వాటి మీద మందు పోయడమంటే తోటలో పరాగాన్ని మోసే కూలీని చంపుకోవడమే. మట్టి గుళికలు చుట్టచుట్టలుగా ఉంటే అవి వానపాము విసర్జన. వేలి లావున నేల పొర మాత్రమే ఉబ్బి, గడ్డి వేళ్ళు ఊడి వస్తుంటే కుమ్మరి పురుగును అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సాయంత్రం కన్నాల్లో నలిపిన కాగితం కుక్కి, ఉబ్బిన గీతల్ని ఒకచోట కాలితో అదిమి, ఆ చోట గుర్తు పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో కాగితం బయటికి నెట్టి ఉంటే, గీత మళ్ళీ లేస్తే, లోపల మనుగడ ఉంది. చెక్కు చెదరకపోతే అది పాడుపడిన ఇల్లు, దానికి మందు దండగ. కుమ్మరి పురుగుకైతే ఏడెనిమిది లీటర్ల నీళ్ళలో 45 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవసబ్బు కలిపి, రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటులో పోయాలి. ఉంటే మూడు నిమిషాల్లో పైకి ఎక్కి వస్తుంది. ముందుకాళ్ళు పారల్లా ఉండే ఆ పురుగును ఒకసారి చూస్తే మళ్ళీ ఇంకోదానితో పొరబడరు. రెండు నాలుగు బయటికొస్తే మందు గురించి ఆలోచించొచ్చు. ఒక్కటీ రాకపోతే గడ్డి ఎండడానికి కారణం వేరే.

బిళ్ళ, ఎర, బోను, లేదా ఊరుకోవడం

నాలుగింటిలో అన్నిటికన్నా బలమైనది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ, అన్నిటికన్నా నేను వద్దనేదీ అదే. తేమ తగలగానే దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. సొరంగం ఎటు పోతుందో పైనుంచి కనబడదు, గోడ కింద నుంచి, పగుళ్ళలోంచి వాయువు ఇంట్లోకి రాగలదు. దీనికి విరుగుడు మందు లేదు. 2010 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని లేటన్‌లో ఒక ఇంటి ముందు వోల్ బొరియల్లో ఈ బిళ్ళలు వేశాక ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఆ ఏడాదే అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ నివాస ప్రాంతాల్లో దాని వాడకాన్ని నిషేధించింది, మనుషులు ఉండే ఇతర కట్టడాలకు కనీసం 100 అడుగుల దూరం పెట్టింది. గడ్డి మీద నాలుగు మట్టి కుప్పల కోసం ఇంత ప్రమాదం తలకెత్తుకోవడం, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

బ్రోమాడియోలోన్ లాంటి ఎరలు రక్తం గడ్డకట్టనివ్వవు, జంతువు కొన్ని రోజులకు గానీ చావదు. వీటికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది, ఆ మేరకు నయం. కానీ చచ్చేలోపు ఆ ఎలుకను గుడ్లగూబో పిల్లో తింటే విషం దానికీ చేరుతుంది. ఎలుకల్ని ఉచితంగా పట్టిపెట్టే గుడ్లగూబను పోగొట్టుకుని మళ్ళీ ఎర డబ్బా కొనడంలో లాభమేమిటో నాకు అర్థం కాదు.

బోను నిదానం. వాడుకలో ఉన్న సొరంగాన్ని గుర్తించి, అక్కడే పెట్టాలి, రోజూ చూడాలి. ఓపిక కావాలి. కానీ మోల్, గోఫర్ విషయంలో నమ్మదగిన పద్ధతి ఇదే. పైగా చిక్కినదాన్ని చూస్తే అది ఏ జీవో అప్పుడే తేలిపోతుంది, అది ఇంకే పద్ధతీ ఇవ్వని లాభం. నేలలో గుచ్చి కంపనాలు పుట్టించే కడ్డీలు, నాఫ్తలీన్ ఉండలు, చూయింగ్ గమ్, గొట్టంతో నీళ్ళు పట్టడం: వీటి మీద నేనైతే రూపాయి పెట్టను.

ఇక ఊరుకోవడం. దీన్ని ఎవరూ ఒక మార్గంగా లెక్కపెట్టరు గానీ, మోల్ మట్టిని గుల్ల చేస్తుంది, వేరుపురుగుల్ని తింటుంది. కుప్పల్ని పారతో చదును చేసి, ఆ మెత్తటి మట్టిని కుండీలకు వాడుకోవచ్చు. ఆడుకునే మైదానమో, దుంపల మడో కాకపోతే చాలా తోటలకు ఇది సరిపోతుంది.

పురుగు కనబడని ఇల్లు

ఇక్కడ కథ తిరగబడుతుంది. తోటలో కన్నం నిజం, పేరు తప్పు. ఇక్కడ దురద నిజం, పురుగు ఉందో లేదో తెలియదు. దురదకు కారణాలు వరుస కడితే పురుగు ఒకటి మాత్రమే. పొడిగాలి, గాజు పీచు, కొత్త బట్టల సబ్బు, థైరాయిడ్, మధుమేహం, కాలేయం, మూత్రపిండాల జబ్బులు, బి12 లోపం, కొన్ని మందులు, కొకైన్, ఆంఫెటమిన్ లాంటి మత్తుపదార్థాలు, మద్యం హఠాత్తుగా మానేయడం కూడా చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అనిపించేలా చేయగలవు.

వీటికి తోడు, తనను పురుగులు పట్టాయన్న గట్టి నమ్మకమే జబ్బుగా మారే స్థితి ఒకటుంది. ఫ్రెంచ్ చర్మవైద్యుడు జార్జ్ తిబియెర్జ్ 1894లోనే ఇలాంటివాళ్ళ గురించి రాశాడు. స్వీడన్ నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1938లో వివరించాక అతని పేరే దానికి స్థిరపడింది. నడివయసు దాటిన ఆడవాళ్ళలో ఎక్కువగా కనబడుతుంది, కుర్రవాళ్ళలో కనబడితే మత్తుపదార్థాల మాట ముందు అడగాలి. వీళ్ళు డాక్టరు దగ్గరికి అగ్గిపెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో "పురుగులు" తెస్తారు. భూతద్దం కింద అవి పొక్కుల పెచ్చులు, నూలు పోగులు, ధూళి. గీరుకున్న పుండ్లు చేతికి అందే చోటల్లా ఉంటాయి. వీపు మధ్యలో, చెయ్యి అందని చోట, చర్మం శుభ్రంగా ఉంటుంది.

చర్మంలోంచి పోగులు వస్తున్నాయని చెప్పేవాళ్ళ మీద అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 115 మందితో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. అంటువ్యాధి ఆనవాళ్ళు దొరకలేదు, పోగుల్లో ఎక్కువ భాగం నూలువే అని తేలింది. ఈ నమ్మకం ఒక్క మనిషితో ఆగాలనీ లేదు. 1962లో అమెరికాలో ఒక బట్టల మిల్లులో పురుగు కుట్టిందంటూ 62 మంది వాంతులతో, నీరసంతో పడ్డారు, వెతికితే అందుకు కారణమైన పురుగు దొరకలేదు. ఒకే ఇంట్లో భార్య నమ్మకం భర్తకు పట్టడమూ వైద్యులు చూసినదే.

అయితే "నీ భ్రమ" అని కొట్టిపారేసే తొందరలో నిజం పురుగును వదిలేయకూడదు. గజ్జి పురుగు మిల్లీమీటరులో పదింట మూడు నాలుగు వంతులు మాత్రమే, చర్మంలోనే బొరియ తవ్వుకుంటుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర సన్నటి వంకర గీత దాని బాట. నల్లి ఉంటే పరుపు కుట్ల వెంబడి నల్ల చుక్కలు ఉంటాయి. కిటికీ పక్క గూట్లోంచి పిట్టలు ఎగిరిపోయాక ఆకలిగా మిగిలిన, మైట్ అనే చిన్న పిట్టపురుగులు ఇంట్లోకి పాకి కుడతాయి. గూడు తీసేస్తే ఆ బెడద ముగిసిపోతుంది.

అందుకే ఇక్కడా పట్టి చూడడమే మేలు. కీటకాల కోసం అమ్మే చిన్న జిగురు అట్టల్ని మంచం కింద, సోఫా వెనక, కిటికీ దగ్గర పెట్టి, ప్రతిదాని మీద తేదీ, గది పేరు రాయాలి. మంచం కోళ్ళ కింద నల్లులు జారిపడే గిన్నెలు పెట్టాలి. ఒక వారం తర్వాత పది రెట్లు చూపే భూతద్దంతో చూడాలి. ఏమైనా చిక్కితే చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేసి కీటకశాస్త్రం తెలిసినవాళ్ళకు చూపించాలి. సెలోటేపుకి అంటిస్తే కాళ్ళు నలిగి గుర్తుపట్టడం కష్టం. గజ్జి పురుగు మాత్రం జిగురు అట్టకు చిక్కదు, దానికి చర్మవైద్యుడే దిక్కు.

ఈలోపు మందు కొడితే? అట్టలో ఏం పడ్డా, పడకపోయినా ఇక అర్థం ఉండదు. రెండు రోజులు దురద తగ్గినట్టుంటే "చూశారా, ఉన్నాయి" అంటారు. తగ్గకపోతే "మందుకు లొంగని రకం" అంటారు. ఎటు తిరిగినా నమ్మకం గట్టిపడుతుంది. ఇంతకన్నా చేటు, ఏమీ దొరకకపోయినా మనశ్శాంతి కోసమని పెస్ట్ కంట్రోల్ వాళ్ళ చేత ఉత్తుత్తి మందు కొట్టించడం. తెలిసినవాడే వచ్చి కొట్టాడంటే పురుగు ఉన్నట్టేగా! ఏమీ దొరకలేదని కాగితం మీద రాసిచ్చి వెళ్ళేవాడు వంద రెట్లు నయం.

ఇంట్లోవాళ్ళకి ఎదురయ్యే చిక్కు మాటల దగ్గర. అవును, నాకూ కనబడుతోంది అనడం అబద్ధం, పిచ్చి పట్టిందా అనడం గొడవ. "అమ్మా, నీకు దురదగా ఉన్నది నిజం. నాకైతే పురుగు కనబడలేదు. నిద్ర లేకుండా ఎన్నాళ్ళుంటావు, రేపు స్కిన్ డాక్టరుకి చూపిద్దాం" అంటే ఆమె కదిలే అవకాశం ఉంది. మానసిక వైద్యుడి పేరు మొదటే ఎత్తితే చాలామంది లేచి వెళ్ళిపోతారు, అందుకే కొన్ని ఆసుపత్రుల్లో చర్మవైద్యుడూ మానసిక వైద్యుడూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు. రక్తపరీక్షల్లో వేరే కారణం బయటపడితే దానికే చికిత్స. లేదంటే భ్రమల్ని తగ్గించే రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి మందులు చాలామందికి పనిచేస్తాయి.

ఆగకూడని చోట్లు

చెరువు గట్టులో, కాలువ గట్టులో బొరియ కనబడితే వారం చూద్దామనుకోవద్దు. నీరు ఆ దారిన ఊరడం మొదలైతే గట్టు తెగుతుంది. ఎవరు తవ్వారన్నది తర్వాత, ముందు దాని నిర్వహణ చూసేవాళ్ళకు చెప్పాలి. ఇంటి పునాది వారన, ధాన్యం నిల్వ ఉన్న గదిలో ఎలుక తవ్వుతుంటే బోనులు ఆ రాత్రే పెట్టాలి, లోపలికి వచ్చే కన్నాలు సిమెంటుతో మూయాలి. గజ్జి అని డాక్టరు తేల్చితే దురద లేనివాళ్ళతో సహా ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. ఒకరు మిగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఇక కనబడని పురుగు కోసం ఒంటికి కిరోసిన్, బ్లీచు, పురుగుమందు పూసుకుంటున్న మనిషి ఉంటే జిగురు అట్టల కోసం ఎదురుచూడొద్దు. ఒంటి మీది బట్టలు తీయించి, సబ్బుతో ధారాళంగా కడిగించి, ఏది పూసుకున్నారో ఆ డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.