టెలిపతి ఉందో లేదో తేల్చడానికి ఏ పరీక్ష మేలు?

ఎవరినో తలుచుకుంటుండగానే వాళ్ళ ఫోన్ వస్తే "నీకు నూరేళ్ళాయుష్షు" అంటాం. తలుచుకున్నా రాని ఫోన్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. అందుకే టెలిపతి, అంటే మాటా సైగా లేకుండా ఒకరి మనసులోది ఇంకొకరి మనసుకి తెలియడం, ఉందా లేదా అని వాదించుకునే ముందు, దాన్ని పరీక్షించే పద్ధతుల్లో ఏది గట్టిదో చూడాలి.

పాతది కార్డుల పరీక్ష. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ 1930లలో పెట్టాడు. ఐదు గుర్తులు, 25 కార్డులు. కనబడని కార్డు మీద ఏ గుర్తుందో చెప్పాలి. కళ్ళు మూసుకుని చెప్పినా సగటున ఐదు కలుస్తాయి. హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి లైబ్రరీలో కూర్చుని, వేరే బిల్డింగులోని కార్డులను 1,850 సార్లు ఊహిస్తే 558 కలిశాయి. మామూలుగా అయితే 370 రావాలి. ఆశ్చర్యమే. కానీ లైబ్రరీలో అతని మీద నిఘా లేదు. లేచి వెళ్ళి తొంగిచూసే వీలుందని మార్క్ హాన్సెల్ అనే మనస్తత్వవేత్త తర్వాత ఎత్తిచూపాడు. పైగా ఆ బిల్డింగులో కార్డులు తీసే ప్రాట్ అనే పరిశోధకుడు కూడా వాటిని అప్పుడు తిప్పి చూడలేదు. ఇక మనసు నుంచి మనసుకి వెళ్ళిందేమిటి?

జీవశాస్త్రవేత్త రూపర్ట్ షెల్డ్రేక్ ఫోన్ పరీక్ష మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మనసు మెదడు దాటి విస్తరిస్తుందన్నది ఆయన వాదన. నలుగురు తెలిసినవాళ్ళలో పాచిక వేసి ఒకరిని ఎంచుతారు, ఫోన్ తీయకముందే పేరు చెప్పాలి. అవకాశం 25 శాతం, ఆయనకు వచ్చింది 40 శాతం. నా సందేహమల్లా, ఒకరు టంచనుగా చేసి ఇంకొకరు కాస్త ఆలస్యంగా చేసినా గుట్టు బయటపడుతుంది కదా.

నా ఓటు గాంజ్‌ఫెల్డ్ అనే మూడో పరీక్షకి. సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు కళ్ళ మీద, ఎర్ర లైటు, చెవుల్లో ఒకే తీరు హోరు. వేరే గదిలో ఒకరు బొమ్మ చూస్తుంటారు. ఆ తర్వాత నాలుగు బొమ్మల్లో అదేదో గుర్తుపట్టాలి. దీన్ని నడిపిన హోనోర్టన్, తప్పులెంచిన హైమన్ కలిసి కూర్చుని, ఇకపై ఎలాంటి కట్టుదిట్టాలుండాలో 1986లో రాసుకున్నారు. నాకు నచ్చింది అదే. ఊరికే ఊహిస్తే 25 శాతం రావాల్సిన చోట, కంప్యూటర్‌తో నడిపిన ప్రయోగాల్లో 32 శాతం దాకా వచ్చిందని 1994లో అచ్చయింది. 1999లో మిల్టన్, వైజ్‌మన్ అనే మనస్తత్వవేత్తలు మరో 30 అధ్యయనాలు కలిపి చూస్తే ప్రభావం దాదాపు కనబడలేదు. కాబట్టి టెలిపతి రుజువైందని నేను అనను. కానీ ఫలితం మారినప్పుడు ఎక్కడ మారిందో వెతకడానికి ఇందులోనే దారి ఉంది.