మూడు జిగ్‌సాలు, ఒకే ప్యాకెట్ బ్లేడ్లు: మూడేళ్ల వాడకం తర్వాత

విజయవాడలో కిచెన్ ఫిట్టింగ్ పనులు చేస్తుంటాను. మూడేళ్లుగా నా దగ్గర మూడు ఖరీదైన జిగ్‌సాలున్నాయి, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ చెక్కని వంపులుగా కూడా కోసే చేతి మిషన్లు. ఒకటి పైన డి హ్యాండిల్ ఉన్న కరెంటుది, ఒకటి మోటారు బాడీనే పట్టుకుని నడిపే బారెల్ రకం, మూడోది 18 వోల్టుల బ్యాటరీది. మూడింటికీ స్ట్రోకు, అంటే బ్లేడు పైకీ కిందకీ కదిలే దూరం, 26 మిల్లీమీటర్లే.

కొన్న కొత్తలో పోల్చి చూసి బారెల్‌ది దండగ అని తేల్చేశాను. తప్పు నాదే. ఏ మిషన్ పెట్టెలో వచ్చిన బ్లేడు దానికే వేసి కోశాను. బారెల్‌దానిలో ఉన్నది టీ144డి, పెద్ద పళ్లది, గబగబా కోయడానికి. డి హ్యాండిల్‌దానిలో ఉన్నది టీ101బి, సన్నపళ్లది, నున్నగా కోస్తుంది. నేను పోల్చింది బ్లేడ్లనన్నమాట!

ఈమధ్య నేనూ మా హెల్పర్ కుర్రాడూ మళ్లీ పోల్చి చూడటానికి కూర్చున్నాం. ప్రతి కోతకూ ఒకే ప్యాకెట్‌లోంచి కొత్త బ్లేడు. ఆర్బిటల్, అంటే బ్లేడుని ముందుకీ వెనక్కీ కూడా ఊపే సెట్టింగు, సున్నా మీద, ఎందుకంటే ఒక మిషన్ మీద 2 అంటే ఇంకోదాని మీద 2 కాదు. నా చేతికి డి హ్యాండిల్ అలవాటు కాబట్టి ప్రతి కోతా కుర్రాడితోనూ ఒకసారి కోయించాను.

సన్‌మైకా వేసిన 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద, టీ101బితో, తేడా దాదాపు లేదు. ముక్కల వెనకాల నంబర్లు వేసి కలిపేస్తే ఏది దేనితో కోసిందో ఇద్దరం చెప్పలేకపోయాం. పళ్లు పైకి కోస్తాయి కాబట్టి సన్‌మైకా వైపు కిందకి తిప్పి కోయడమే అసలు కిటుకు. దీనికోసమే అయితే అంత డబ్బు పెట్టనక్కర్లేదు.

38 మిల్లీమీటర్ల టేకు మీద, టీ144డితో వంపు తిప్పినప్పుడు అసలు రంగు బయటపడింది. జిగ్‌సా పుట్టింది కుట్టుమిషన్ నుంచి అంటారు. 1946లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఇంజనీరు సూది తీసి రంపం బ్లేడు బిగించాడట. ఆ పోలిక ఇప్పటికీ పోలేదు. బ్లేడుకి పైన పట్టు ఉంటుంది, కింద కొస గాలిలోనే. వంపులో కాస్త తోస్తే చాలు, కింద అంచు పక్కకి పోతుంది. మూలమట్టం పెట్టి చూస్తే డి హ్యాండిల్‌ది ఒకటిన్నర మిల్లీమీటర్లు, బ్యాటరీది ఒక మిల్లీమీటరు తప్పాయి. బారెల్‌దానిలో బ్లేడుని రెండు పక్కలా పట్టుకునే గట్టి దవడలున్నాయి. అది అర మిల్లీమీటరు కూడా తప్పలేదు. కుర్రాడి చేతిలోనూ అంతే.

ఆ దవడలతోనే తంటా కూడా. బ్లేడు మార్చినప్పుడల్లా వాటిని సరిచేసుకోవాలి. ఒకసారి తొందరలో బిగువు ఎక్కువ పెట్టాను. రెండడుగులు కోసేసరికి కమురు వాసన. తీసి చూస్తే బ్లేడు నీలం రంగుకి తిరిగింది.

మూడేళ్లలో అరిగినవి వేరే. బ్యాటరీది నిచ్చెన మీద నుంచి పడ్డాక చెక్క మీద ఆనే బేస్ ప్లేటుని సున్నా గుర్తు దగ్గర ఆపినా బ్లేడు నిటారుగా ఉండదు. పెద్ద కోతకి ముందు మట్టం చూసుకుంటాను. డి హ్యాండిల్‌దానిలో పొట్టు ఊదే గాలి తగ్గింది. "అన్నా, గీత కనపడట్లేదు" అంటూ కుర్రాడు నోటితో ఊదుతూ కోస్తాడు. ఆ పొట్టంతా వాడి కళ్లలోకే, అందుకే కళ్లద్దాలు కొనిచ్చాను.

ఒక్కటే ఉంచుకోమంటే బారెల్‌దే. చేయి చెక్కకి దగ్గరగా ఉంటుంది, మిషన్ ఊగదు, సింక్ కటింగ్ మూలల్లో ఇట్టే తిరుగుతుంది. కాకపోతే బ్లేడు వెనక ఆనే దాని గైడ్ రోలర్ అరిగి సర్వీసుకిచ్చి ఇది మూడో వారం. పార్టు ఇంకా రాలేదట. నిన్న పటమటలో సింక్ డి హ్యాండిల్‌తోనే కోసొచ్చాను.