స్కిడ్ ప్లేటు కొనేవాళ్లు జాగ్రత్త: 4 ఎంఎం అన్నారు, తూకం వేస్తే తేలిపోయింది

వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లకి బయట స్కిడ్ ప్లేటు (రాళ్లు తగలకుండా ఇంజన్ కింద బిగించే రేకు) కొని వేయించాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నాకు 14 వేలు పోయాయి, పైగా చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పగిలింది. అమ్మినవాళ్ల పేరు అడగొద్దు, ఎలాంటి సరుకుకి దూరంగా ఉండాలో చెప్తా.

ఫోటోల్లో మాత్రం అదిరిపోయింది. నల్లటి పౌడర్ కోటింగ్, ఎర్ర అక్షరాలు, "4 ఎంఎం స్టీలు" అని రాత. నాలుగు నెలలు తారు రోడ్డు మీదే తిరిగాం కాబట్టి ఏమీ తెలియలేదు. మొన్న వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపు ఒక వాగులో దిగి, అవతల దారి లేక రివర్స్ తీశాను. ముందుకు పోయేటప్పుడు రాళ్ల మీద బాగానే జారింది, వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ప్లేటు వెనక అంచు ఒక రాయికి కొక్కెంలా తగులుకుంది. వెనక ఉన్నవి రెండే బోల్టులు, అవీ పల్చటి క్లాంపుకి బిగించినవి. అవి తెగి, రేకు మధ్యలో మడతపడి, పైకి లేచి చాంబర్‌లో దిగింది. ఆయిల్ ధారగా కారుతుంటే ఇంజన్ ఆపేశా. ట్రాక్టర్ దొరికి రోడ్డెక్కేసరికి చీకటి పడింది.

"ప్లేటే లేకుంటే ఆ రాయి చాంబర్ దాకా వచ్చేదే కాదన్నా" అన్నాడు మెకానిక్. అది విన్నాక ఇంకా మండింది.

పక్కనే పాత ఇనప సామాన్ల కొట్లో తూకం వేయించాం. 80 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, 4 ఎంఎం స్టీలైతే 17 కిలోల పైనే ఉండాలి, గాలి రంధ్రాలు తీసేసినా 16కి తగ్గదు. ఇది 11 కూడా తూగలేదు! అంటే రేకు 2.5 ఎంఎం. మందం ఒకటిన్నర ఎంఎం తగ్గితే ఏమవుతుందిలే అనుకోకండి, వంగకుండా నిలబడే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. గట్టిదనం కోసం రేకుకి మడతలు, గాడులు నొక్కి ఉంటే కొంత నయం, నాది అప్పడంలా చదును.

కాబట్టి ఫోటో చూసి డబ్బు కట్టకండి, బరువు అడగండి. ప్లేటు ఛాసిస్ క్రాస్ మెంబర్లకే (బండి ఫ్రేములో అడ్డంగా ఉండే దూలాలకే) బిగుస్తుందా, వెనక అంచు పైకి వంచి ఉందా, బోల్టు తలలు గుంటలో దాగి ఉన్నాయా (బయటికి ఉంటే మొదటి రాయికే తల అరిగిపోయి, తర్వాత గ్రైండర్ పెట్టి కోయాల్సిందే), ఆయిల్ మార్చడానికి రంధ్రం ఉందా, ఇవి కింద పడుకుని చూడండి. అల్యూమినియం తేలికే, తుప్పు గోల లేదు, కానీ రాయి మీద స్టీలు జారినట్టు జారదు, గీరుకుంటూ పట్టేస్తుంది. అది తీసుకుంటే 6 ఎంఎం ఉండాలి. ఇంకోటి, ఎండు గడ్డిలో తిరిగొస్తే ప్లేటు పైన చేరిన గడ్డి లాగేయండి, సైలెన్సర్ వేడికి అంటుకునే ప్రమాదం ఉంది.

అమ్మినాయనకి ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: "ఆఫ్ రోడ్‌లో వాడితే వారంటీ వర్తించదు సార్." మరి స్కిడ్ ప్లేటు ఎందుకండీ, షోరూం ముందు నిలబెట్టడానికా? రెండోసారి ఫోన్ ఎత్తలేదు.