రైట్ క్లిక్: పూర్తిగా ఆపేయాలా, అవసరమైనంత ఉంచాలా? ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ చేసిచ్చాను. బయటికి మామూలు విండోస్ ప్రోగ్రామే, లోపల బిల్లు స్క్రీన్ మాత్రం వెబ్‌వ్యూ2లో (ప్రోగ్రామ్ లోపల వెబ్ పేజీని చూపించే మైక్రోసాఫ్ట్ భాగం) నడిచే వెబ్ పేజీ. వారం తిరక్కుండానే గుమస్తాగారు ఫోన్ చేశారు. "బాబూ, ముప్పై సరుకులు ఎక్కించాను, బిల్లంతా పోయింది!"

వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. జీఎస్టీ నంబర్ పేస్ట్ చేద్దామని గడి మీద కాక, పక్కన ఖాళీలో రైట్ క్లిక్ చేశారు. అక్కడొచ్చే మెనూలో పేస్ట్ ఉండదు, రీఫ్రెష్ ఉంటుంది. అది నొక్కగానే పేజీ మళ్లీ మొదటినుంచి లోడయి బిల్లు పోయింది.

ముందు సులువైన దారి పట్టాను. 'ఏర్ డిఫాల్ట్ కాంటెక్స్ట్ మెనూస్ ఎనేబుల్డ్' అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే మెనూ అసలే రాదు. ఒక్క లైను పని. కానీ పేస్ట్ కూడా పోయింది. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు. ఇక్కడివాళ్లది 21తో, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్లది 37తో మొదలవుతుంది, అది రాష్ట్రం కోడ్. ఆ రెండంకెలు చూసే ప్రోగ్రామ్ ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల మీద పన్ను) వెయ్యాలో లేదో తేల్చుకుంటుంది. అలాంటి నంబర్‌ని చేత్తో కొట్టమనడం అన్యాయం. కంట్రోల్ వీ పనిచేస్తుంది, నిజమే. ఏళ్లుగా మౌస్‌కి అలవాటుపడ్డ మనిషి చేతికి అది రాదు.

పేజీలోనే జావాస్క్రిప్ట్‌తో 'ప్రివెంట్ డిఫాల్ట్' పెట్టి మెనూని ఆపొచ్చు. అదే పేజీని మామూలు బ్రౌజర్‌లోనూ తెరిచేవాళ్లకి ఇది నయం. అయితే వేరే సైటు ఐఫ్రేమ్ (మన పేజీలో పొదిగిన ఇంకో పేజీ) లోపల పడ్డ క్లిక్ మన స్క్రిప్ట్‌కి అందదు. పైగా పేజీ అడ్డుకున్న క్లిక్ ప్రోగ్రామ్ దాకా రాదు, కాబట్టి దీన్ని కింద చెప్పే పద్ధతితో కలపకండి.

నా ఓటు 'కాంటెక్స్ట్ మెనూ రిక్వెస్టెడ్' ఈవెంట్‌కే. మెనూ చూపించే ముందు వెబ్‌వ్యూ2 మన ప్రోగ్రామ్‌కి పంపే కబురు ఇది. క్లిక్ ఎక్కడ పడిందో అది చెబుతుంది. టైపు చేసే గడి అయితే కట్, కాపీ, పేస్ట్ ఉంచాను. అక్షరాలు సెలెక్ట్ చేసి ఉంటే కాపీ ఒక్కటే. ఖాళీ చోటైతే 'హ్యాండిల్డ్'ని ట్రూ చేసి వదిలేశాను, ఏమీ రాదు. ఐటమ్‌లని మెనూలో కనబడే పేరుతో వెతక్కండి, భాష మారితే అదీ మారుతుంది. 'నేమ్' ప్రాపర్టీ మారదు.

వెబ్‌వ్యూ2 బదులు వాడే సెఫ్‌షార్ప్‌లో ఇదే పని 'ఆన్ బిఫోర్ కాంటెక్స్ట్ మెనూ'లో చేస్తాం. అలాంటిదే ఇంకోటి, ఎలక్ట్రాన్‌లో తిరకాసు: మెనూయే ఉండదు, పేస్ట్‌ని మనమే తెచ్చిపెట్టాలి.

వెబ్‌వ్యూ2లో పై దారుల్లో ఏది పట్టినా రీఫ్రెష్ చేసే ఎఫ్5 కీ మిగిలే ఉంటుంది. 'ఏర్ బ్రౌజర్ యాక్సిలరేటర్ కీస్ ఎనేబుల్డ్'ని కూడా ఫాల్స్ చెయ్యండి. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ అలాగే పనిచేస్తాయి.