రాగి ఆక్సైడ్‌కి యాసిడ్ లీచింగా, ఫ్లోటేషనా: ఏది మేలు?

ముడిఖనిజం శాంపిల్ రాగానే అందరూ ముందు అడిగేది "రాగి ఎంత శాతం?" అనే. నా మట్టుకు నేను ముందు అడిగేది, ఆ రాగి ఏ ఖనిజంలో ఉంది, దాన్ని పట్టుకున్న రాయి ఏంటి అని. దారి తేల్చేవి ఆ రెండే. లీచింగ్ అంటే రాగిని యాసిడ్‌లో కరిగించి తీయడం, ఫ్లోటేషన్ అంటే నూరిన ఖనిజాన్ని నీళ్లలో నురగకి అతికించి పైకి తేల్చడం. గనుల భాషలో రాగి కార్బొనేట్, సిలికేట్ ఖనిజాలనీ 'ఆక్సైడ్' అనే అంటారు.

యాసిడ్ లీచింగ్‌లో పెద్ద సుఖం ఏంటంటే, మెత్తగా నూరే పని లేదు, ముక్కలుగా చితక్కొట్టి కుప్ప పోసి పైనుంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లితే చాలు, కిందకి దిగిన ద్రావణాన్ని శుద్ధి చేసి కరెంటు పెడితే 99.99 శాతం రాగి పలక అక్కడే వచ్చేస్తుంది. అమెరికాలో అరిజోనాలోని బ్లూబర్డ్ గనిలో 1968లో వ్యాపార స్థాయిలో మొదలైన పద్ధతి ఇదే. ఉత్తర చిలీలో ఎల్ అబ్రా గనిలో ఆక్సైడ్ ముడిఖనిజానికీ ఇదే దారి, ఎందుకంటే అక్కడ క్రిసోకొల్లా ఎక్కువ. అది నీటిని ఇష్టపడే రాగి సిలికేట్ ఖనిజం, నురగకి అతుక్కోదు, ఫ్లోటేషన్‌లో పెడితే చాలా రాగి టైలింగ్స్‌లోకే (తేలకుండా మిగిలే వ్యర్థంలోకే) పోతుంది.

కానీ రాయిలో సున్నం ఉంటే కథ మారిపోతుంది. టన్ను ముడిఖనిజంలో 1 శాతం రాగి, 10 శాతం కాల్సైట్ (సున్నపురాయి ఖనిజం) ఉన్నాయనుకోండి. 10 కిలోల రాగి మాలకైట్‌గా (ఆకుపచ్చటి రాగి కార్బొనేట్‌గా) ఉంటే దాన్ని కరిగించడానికి పట్టేది 15 కిలోల పైచిలుకు యాసిడ్, అది కూడా రాగి పలకకి ఎక్కేటప్పుడు మళ్లీ పుడుతుంది. 100 కిలోల కాల్సైట్ మాత్రం దాదాపు 98 కిలోల యాసిడ్ మింగి జిప్సం అయిపోతుంది, చుక్క కూడా తిరిగి రాదు. ఆ జిప్సం కుప్పలో సందులు కూడా పూడుస్తుంది. బంకమన్ను తోడైతే ద్రావణం కిందకే దిగదు.

ఇలాంటి చోట, రాగి మాలకైట్ రూపంలో ఉంటే, ఫ్లోటేషన్‌కే నా ఓటు. ముందు సోడియం సల్ఫైడ్‌తో ఖనిజం పైన పలచటి సల్ఫైడ్ పొర పట్టించి, తర్వాత జాంథేట్ (ఖనిజాన్ని నురగకి అతుక్కునేలా చేసే మందు) వేస్తారు. సోడియం సల్ఫైడ్ మోతాదులోనే టెన్షన్ అంతా: తక్కువైతే పొర పట్టదు, ఎక్కువైతే ఖనిజం తేలడమే మానేస్తుంది. మెత్తటి బురద ఎక్కువున్నా మందు దానికే పోతుంది. కాంగోలోని కొల్వెజీలో సిలికా రాయికి పామాయిల్ నుంచి తీసిన కొవ్వు ఆమ్లాలు వాడేవారు, డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్) రాయికి మాత్రం అవి పనికిరావు, మాలకైట్‌తో పాటు డోలమైటూ తేలిపోతుంది కాబట్టి అక్కడ సల్ఫైడ్ పొర దారే పట్టాలి. ఫ్లోటేషన్‌లో చేతికొచ్చేది కాన్సెంట్రేట్ (రాగి ఎక్కువున్న ఖనిజపు పొడి) మాత్రమే, దాన్ని స్మెల్టర్ (కరిగించి లోహం తీసే కొలిమి) దాకా మోయాలి, ఆ రవాణా ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

సల్ఫైడ్, ఆక్సైడ్ కలిసి ఉంటే రెండూ వాడొచ్చు: తేలేది తేల్చి, మిగిలిన టైలింగ్స్‌ని యాసిడ్‌లో కలియబెట్టడం. జాంబియాలోని న్చాంగాలో టైలింగ్స్ లీచింగ్ ప్లాంటు 1970ల నుంచీ ఉంది. ఏ దారైనా ముందు రాయి ఎంత యాసిడ్ మింగుతుందో తేల్చే పరీక్ష ఒకటి చేయించండి, ఒక్క శాంపిల్‌తో కాదు, గనిలో వేర్వేరు లోతుల నుంచి తీసి.