పంప్ ఆగింది, నీళ్లు ఆగలేదు: ఆటో టాప్ ఆఫ్‌తో రెండేళ్లు

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం, పెట్టి రెండేళ్లు దాటింది. లైట్ ఏది, నురగతో మురుగు లాగే స్కిమ్మర్ ఏది, రాళ్లు ఎన్ని కిలోలు అనే లెక్కలు ఈపాటికి అందరూ చదివే ఉంటారు, వాటి జోలికి పోను. నా ప్రేమంతా, కోపమంతా ఒకే వస్తువు మీద: ఆవిరైన నీటిని తనంతట తనే నింపే ఆటో టాప్ ఆఫ్. ట్యాంక్ కింద క్యాబినెట్‌లో ఉండే రెండో తొట్టి, అదే సంప్‌లో, నీటిమట్టం చూసే ఒక ఆప్టికల్ సెన్సర్, పక్కన ఆర్‌ఓ డీఐ నీళ్ల (లవణాలు తీసేసిన మంచినీళ్ల) డబ్బా, అందులో బొటనవేలంత పంప్. అంతకుమించి ఏమీ లేదు.

మొదటి నాలుగు నెలలు ఇది లేకుండానే నెట్టుకొచ్చాను. నా దగ్గర మొత్తం 180 లీటర్ల నీళ్లు, రోజుకు దాదాపు రెండు లీటర్లు ఆవిరైపోతాయి, ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువ. పోయేది నీరు మాత్రమే, ఉప్పు అలాగే ఉంటుంది కాబట్టి పొయ్యకపోతే సాలినిటీ, అంటే నీటి ఉప్పదనం, రోజుకు 0.4 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు పాళ్లు) చొప్పున ఎక్కుతుంది. పై ట్యాంక్ చూస్తే ఏమీ తెలియదు, తగ్గేదంతా సంప్‌లో, నీటిని మళ్లీ పైకి పంపే రిటర్న్ పంప్ ఉన్న గదిలోనే. రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఆ పంప్ గరగరమంటూ గాలి పీలుస్తోంది, ట్యాంక్ నిండా సోడా కొట్టినట్టు బుడగలు. ఆ రోజే దీన్ని ఆర్డర్ పెట్టాను.

పెట్టాక ప్రాణం హాయిగా ఉంది. సాలినిటీ ఎప్పుడు కొలిచినా 35 పీపీటీ. అంతకుముందు అరకొరగా విచ్చుకునే హ్యామర్ కోరల్ అనే పగడం పిడికెడు నుంచి దోసెడయింది. ఇదంతా ఆటో టాప్ ఆఫ్ పుణ్యమేనని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను, ఒకసారి పెడితే ఇక మర్చిపోవచ్చు అని కూడా అన్నాను. (అదే నెలలో లైట్ తగ్గించాననీ, ఆల్కలినిటీ (పగడాలకు కావాల్సిన కార్బొనేట్ల కొలత) 8.5 దగ్గర కుదురుకుందనీ అప్పుడు చెప్పలేదు.)

సరిగ్గా అలా మర్చిపోవడమే కొంప ముంచింది. వంగి నింపడానికి బద్ధకమేసి 20 లీటర్ల డబ్బాను పీట మీద పెట్టుకున్నాను. నీళ్లు పడే గొట్టం చివర మాత్రం డబ్బా మూత కంటే పైన, క్యాబినెట్ గోడకు క్లిప్ చేసి ఉండేది. ఒక ఆదివారం సంప్ కడుగుతూ అడ్డమొస్తోందని ఆ గొట్టాన్ని తీసి సంప్‌లోకి వేలాడేశాను. పనైపోయాక చేతులు కడుక్కుని వచ్చేశాను, గొట్టం సంగతి గుర్తే లేదు.

తెల్లవారి లేచి చూస్తే స్కిమ్మర్ కప్పు పొంగి మురుగంతా మళ్లీ సంప్‌లోకి కారుతోంది, నీరు అంచుకు రెండు వేళ్ల దూరంలో ఉంది. జరిగింది ఇది. రాత్రి ఎప్పుడో సెన్సర్ అడిగింది, పంప్ పది సెకన్లు నడిచి బుద్ధిగా ఆగింది. కానీ గొట్టం నిండిపోయింది, దాని చివర డబ్బాలోని నీటిమట్టం కంటే కింద ఉంది, ఇంకేముంది, సైఫన్ అందుకుంది, పంప్ లేకుండానే నీళ్లు వాటంతటవే దిగసాగాయి. రెండు మట్టాలూ సమానమయ్యేదాకా, అంటే 15 లీటర్లు దిగేదాకా ఆగలేదు. ఎక్కువసేపు నడిస్తే పంప్‌ను ఆపేసే టైమర్ ఇందులో ఉంది, కొన్నప్పుడు దాన్ని చూసే మురిసిపోయాను. ఆగిపోయిన పంప్‌ను అది మాత్రం ఏం ఆపుతుంది? పైగా పచ్చ లైట్ నిక్షేపంగా వెలుగుతోంది!

సాలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 32 మీద కొంచెం. గుండె గుభేలుమంది. హ్యామర్ ముడుచుకుపోయింది, జోయా పగడాలు మూతులు బిగించాయి, క్లీనర్ రొయ్య మూడు రోజులు బయటికే రాలేదు. క్లౌన్ ఫిష్‌లు మాత్రం ఏమీ పట్టనట్టు తిండి కోసం అద్దం దగ్గరికొచ్చాయి. కంగారులో ఉప్పు గుమ్మరించేవాణ్ణే, ఎలాగో ఆగాను. ఎక్కువైన 15 లీటర్లు తోడేసి, ఆటో టాప్ ఆఫ్ ఆపేసి, ఆవిరైనంత మేర రోజూ మంచినీళ్లకు బదులు 35 పీపీటీ ఉప్పునీళ్లే పోశాను. మళ్లీ 35కి రావడానికి వారం పట్టింది. ఏదీ చావలేదు. కానీ ఆ వారంలోనే డబ్బాలో కాల్క్, అంటే పగడాలకు కాల్షియం అందించే సున్నం, కలుపుదామని అనుకుంటూ ఉన్నాను. 12 దాటిన పీహెచ్ ఉండే ఆ నీళ్లు 15 లీటర్లు ఒక్క రాత్రిలో పడి ఉంటే ఈ సమీక్ష రాసే పని ఉండేది కాదు. ఆ ఆలోచన ఇంకా అటకెక్కే ఉంది.

తర్వాత ఇంకో చిన్న తంటా. సంప్‌లోని నత్త సెన్సర్ మీదికెక్కి కూర్చుంది. అది నత్తను నీళ్లనుకుని ఒక రోజంతా నింపడం మానేసింది. నత్తనడక అని వెక్కిరిస్తాం గానీ వెళ్లకూడని చోటికి మహా చురుగ్గా వెళ్తుంది. ఇప్పుడు సెన్సర్ చుట్టూ ప్లాస్టిక్ జాలీ కట్టాను, నెలకోసారి వెనిగర్‌లో నానబెట్టి తుడుస్తాను.

కొత్తగా పెట్టేవాళ్లు క్యాబినెట్ కొలతలు వేసేటప్పుడే డబ్బా ఎక్కడ పెట్టాలో చూసుకోండి, నాలా చివర్లో ఇరికించకండి. డబ్బా మొత్తం సంప్‌లో పడినా పొంగకూడదు, సాలినిటీ మరీ పడిపోకూడదు, ఆ లెక్కతోనే సైజు తీసుకోండి. ఇక కొనాలా అంటే, నేను వారంలో రెండు రోజులు ఇంట్లో ఉండను, నాకిది లేకుండా కుదరదు. రోజూ ఇంటిపట్టునే ఉండేవాళ్లయితే సంప్ గోడ మీద ఒక గీత గీసుకుని ఉదయం చెంబుతో పోసుకున్నా నడుస్తుంది, అయితే మరీ చిన్న ట్యాంక్ అయితే ఆ మాట నేను గట్టిగా అనలేను.

నా డబ్బా ఇప్పుడు 10 లీటర్లదే, పీట తీసేశాను, గొట్టం మళ్లీ క్లిప్ ఎక్కింది. ఐదో రోజుకల్లా ఖాళీ అయి పీ పీ అని అరుస్తుంది. అరవనీ.