చైన్ క్లీనర్ డబ్బా: ఒక వానాకాలమంతా వాడాక

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో వాన వెలిశాక సైకిల్ తొక్కినవాళ్లకు ఆ ఎర్రమట్టి సంగతి చెప్పక్కర్లేదు, టైర్లకు పట్టి, చైన్‌లోకి దూరి, ఇంటికొచ్చేసరికి పెచ్చులు కట్టి ఉంటుంది. దాని కోసమే జూన్‌లో చైన్ క్లీనర్ డబ్బా, మూడు బ్రష్‌లు, ఒక సీసా డిగ్రీజర్ (జిడ్డును కరిగించే ద్రవం) కలిపి 1,150 రూపాయలకు ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఇప్పటికి ఓ పదిహేను సార్లు వాడి ఉంటాను. వస్తువు మంచిదే, కొనండి. కానీ దాంతో వచ్చిన కాగితంలో బ్రేకుల గురించి ఒక్క ముక్క కూడా లేదు, అసలు రాయాల్సింది అదే.

ముందు, ఇది ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్తాను. పోయినేడు ఓపిక లేక రోడ్డు పక్కన బైకులు కడిగే వాటర్ వాష్‌కు తీసుకెళ్లాను. ఆ అబ్బాయి ప్రెషర్ గన్ పట్టుకుని వెనక చక్రం మధ్యలోకి, పెడల్స్ ఇరుసు దగ్గరికి, హ్యాండిల్ కిందికి గురిచూసి కొట్టాడు. సైకిల్ తళతళలాడింది, నాకూ సంతోషమేసింది. మూడు వారాలకు వెనక చక్రం తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర. మెకానిక్ హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) విప్పి చూపించాడు, గ్రీజు ఉండాల్సిన చోట తుప్పు రంగు నీళ్లు. "అన్నా, ప్రెషర్ కొట్టించిన్రా?" అని అడిగాడు, చూడగానే పట్టేశాడు. బేరింగుల మీది రబ్బరు సీళ్లు దుమ్మును, వాన చినుకులను ఆపుతాయి గానీ అంత దగ్గర నుంచి కొట్టే నీటి ధాటికి ఆగవు. లోపలికి వెళ్లిన నీళ్లు మళ్లీ బయటికి రావు, అక్కడే ఉండి గ్రీజును పాడుచేస్తాయి. అప్పటి నుంచి నాకు బకెట్, మగ్గు, కాస్త కారు షాంపూ, అంతే.

ఇక డబ్బా విషయం. రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది, లోపల గుండ్రంగా తిరిగే చిన్న బ్రష్‌లు, చివర ఒక స్పాంజి. కింది భాగంలో గీత దాకా డిగ్రీజర్ పోసి, చైన్ మధ్యలో పెట్టి మూసి, పెడల్‌ను ముప్పై సార్లు వెనక్కి తిప్పాలి. మొదటి పది చుట్లకే లోపలి ద్రవం డికాక్షన్‌లా నల్లబడిపోతుంది, చూస్తుంటే ఇంత మురికితోనా ఇన్నాళ్లు తొక్కింది అనిపిస్తుంది. గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో అరగంట రుద్దినా ఇంత శుభ్రంగా నాకెప్పుడూ రాలేదు.

చిక్కల్లా చిందడంతోనే. వేగంగా తిప్పితే సన్నని తుంపర్లు వెనక చక్రం బ్రేకు డిస్క్ మీద పడతాయి. డిస్క్‌కు కొంచెం జిడ్డు తగిలినా దాన్ని నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్లు ఆ జిడ్డును పీల్చేసుకుంటాయి, ఆ తర్వాత బ్రేకు కీచుమంటుంది, పట్టదు కూడా, దిగుడు దారిలో అది ప్రాణం మీదికి వచ్చే విషయం. నేనైతే పాలిథిన్ కవర్‌తో డిస్క్‌ను, బ్రేకును కలిపి చుట్టేసి రబ్బరు బ్యాండు వేస్తాను. పెడల్ వెనక్కి తిప్పినప్పుడు చక్రం తిరగదు కాబట్టి కవర్ కదలదు. పని అయ్యాక డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దానికే విడిగా పెట్టుకున్న గుడ్డతో తుడుస్తాను. చైన్ తుడిచిన గుడ్డ మాత్రం పొరపాటున కూడా డిస్క్‌కు తగలనివ్వకండి.

డిగ్రీజర్‌ను ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ సీళ్ల మీద, హబ్ మీద స్ప్రే చేయొద్దు. దానికి మంచి గ్రీజు, చెడ్డ గ్రీజు తేడా తెలియదు, అన్నిటినీ కరిగిస్తుంది. చాలామంది వాడే కిరోసిన్‌ అయినా అంతే. ఫోర్క్ కడ్డీలకు తడి గుడ్డ చాలు.

తర్వాత చైన్‌ను నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఒక్కో లింకు రోలర్ మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, కొంతసేపు ఆగి, పైన మిగిలినదంతా తుడిచేయాలి. తుడవకపోతే మళ్లీ మట్టి దానికే అంటుకుంటుంది. ఈ ఆరబెట్టడం ఒక్కటీ హడావిడిగా చేయకండి.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది డబ్బా కొక్కెం కోసం, రెండో నెలకే ప్లాస్టిక్ విరిగింది, ఇప్పుడు రబ్బరు బ్యాండుతో బిగించి వాడుతున్నాను. ఇంకొకటి, వాడిన డిగ్రీజర్ పారబోయకండి. సీసాలో రెండు రోజులు కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైన తేరుకున్నది మెల్లగా వంపుకుంటే మొదటి విడత రుద్దడానికి మళ్లీ పనికొస్తుంది. నా దగ్గర ఒక్క సీసా ఇంతకాలం వచ్చింది అందుకే.